పరుగును విశ్రాంతియును

మన యిండ్లలో ఆడుబిడ్డకు నేర్పెడి మొదటి పాఠములలో, నొప్పిని పైకి చెప్పకుండుట యొకటి. చేయి కాలినను, కాలు బెణికినను, ఒడలు కాగినను "ఏమియు లేదు" అని పని చేసికొనిపోవు పిల్లను చూచి, "ఎంత ఓర్పుగల బిడ్డ!" అని మెచ్చుకొందుము. నేనును అట్లు మెచ్చుకొన్నదాననే. ఆ మెప్పు నా కుమార్తెకు చేసిన కీడు తెలిసివచ్చిన పిమ్మట, సిగ్గు విడిచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయికి పదునాలుగేండ్లు. దానికి పరుగనిన ప్రాణము. వేకువజామున తండ్రితోగూడ విశాఖపట్టణపు సముద్రతీరమునకు పోయి, ఇసుకపై పరుగెత్తి, బడివేళకు ఇల్లు చేరెడిది. జిల్లా పందెములు సమీపించుచున్నవని సాయంకాలముకూడ పరుగెత్తసాగినది. ఒకనాడు అది మెట్లు దిగుచు గోడ పట్టుకొనుట చూచి, "కాలు నొచ్చుచున్నదా?" అని యడిగితిని. "ఏమియు లేదమ్మా" అనినది. నేను నేర్పిన పాఠమునే నాకు ఒప్పగించినది! నేనును సంతసించి ఊరకుంటిని. మూడు వారములు గడచునప్పటికి కాలు నేల మోపలేక మంచమెక్కినది. వైద్యుడు పరీక్షించి, దెబ్బపై దెబ్బ పడుటచేత మోకాటి క్రింది యెముక సన్నముగా బీటవారినదనియు, కొన్ని వారములు పరుగు బొత్తిగా మానవలెననియు చెప్పి, "నొప్పి పుట్టిన దినముననే చెప్పియుండిన ఇంతదూరము రాకపోవునుగదా తల్లీ!" అనెను.

మా అత్తగారు "ఆడుపిల్లకు ఈ పరుగు లేల? ఇక చాలు" అనిరి. మా వారు మాటాడలేదు. ఆ రాత్రి పిల్ల నా ప్రక్కను పండుకొని, "అమ్మా! ఒకసారి దెబ్బతిన్నవారు మరల పరుగెత్తుదురా?" అని యడిగినది. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. తోచని మాట చెప్పుటకంటె తెలిసికొని చెప్పుట మేలని యెంచి, మన యూరిలోనే పుట్టి పరుగునే జీవితముగా చేసికొన్న యొక పడుచు కథను మొదట చదివితిని.

ఆమె పేరు జ్యోతి యర్రాజీ. 1999వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీని మన విశాఖపట్టణమున జన్మించినది. తండ్రిది కావలి యుద్యోగము. తల్లి ఇండ్లలో పనిచేయుచు, ఆసుపత్రిలో శుభ్రపరచు పనికికూడ పోవుచుండెడిది. పోర్టు ఉన్నత పాఠశాలలో చదువు దినములలో వ్యాయామ శిక్షకులు ఆమె పొడవును చూచి, హర్డిల్సు పందెమునకు తగినదని కనిపెట్టిరి. ఈ పందెము నెరుగని సోదరీమణులకొఱకు ఒక మాట చెప్పెదను. నూఱు మీటర్ల దూరములో పది అడ్డుకొయ్యలుండును. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్లు, అనగా మన వంటింటి గట్టంత యెత్తు. కొయ్యకును కొయ్యకును నడుమ ఎనిమిదిన్నర మీటర్లు. ఇవన్నియు దాటి, ఒక ముద్ద నమిలి మ్రింగునంతలో, పదుమూడు సెకండ్లకు అటు నిటుగా గమ్యము చేరవలెను. ప్రతి కొయ్యను దాటినపుడును శరీరభారమంతయు ఒక్క కాలిపై పడును.

2015లో ఆంధ్రప్రదేశ్ అంతర్ జిల్లా పోటీలలో స్వర్ణపతకము గెలిచిన పిమ్మట జ్యోతి హైదరాబాదులో ద్రోణాచార్య పురస్కారగ్రహీతయగు ఎన్. రమేష్ గారి యొద్దను, తరువాత గుంటూరులోను శిక్షణ పొంది, 2019లో భువనేశ్వరమునకు పోయి, జేమ్స్ హిల్లియర్ అను ఆంగ్లేయ శిక్షకుని శిష్యురాలయ్యెను. 2020 జనవరిలో మూడుబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయముల పోటీలో 13.03 సెకండ్లలో పరుగు ముగించెను. 2002 నుండి అనూరాధా బిశ్వాల్ పేరిట నిలిచియున్న 13.38 సెకండ్ల జాతీయ రికార్డుకంటె అది ఎంతో మేలైనది. కాని నిషిద్ధౌషధ పరీక్షాదులగు నియమములు నెరవేరలేదను కారణముచేత దానిని లెక్కకు గైకొనలేదు. అంతలో మహమ్మారి వచ్చి మైదానములు మూతపడెను. వెన్నునొప్పియు ఆమెను బాధించెను. 2022 ఏప్రిలులో కోజికోడునందు 13.09 సెకండ్లలో పరుగెత్తెను. వెనుకనుండి వీచు గాలి సెకనుకు 2 మీటర్లకు మించినచో రికార్డు చెల్లదు. ఆనాటి గాలి 2.1! మీటరులో పదవవంతు మాత్రమే యెక్కువ. రెండవసారియు చేతికందినది జారిపోయినది.

మనలో ఎందఱము ఇట్టి చోట, "నా నుదుట లేదు" అని ఊరకుండెడివారము! ఆమె మరునెలలోనే, మే 10వ తేదీని, సైప్రస్ దేశమందలి లిమసోల్ నగరమున 13.23 సెకండ్లతో ఇరువదియేండ్ల రికార్డును న్యాయముగా దాటెను. ఆ సంవత్సరము అక్టోబరులో బెంగుళూరున 12.82 సెకండ్లు పరుగెత్తి, పదుమూడు సెకండ్ల హద్దును దాటిన మొదటి భారత వనిత యయ్యెను. 2023లో బ్యాంకాకున ఆసియా స్వర్ణమును, చెంగ్డూలోని ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకండ్లతో కాంస్యమును గెలిచెను.

ఆ సంవత్సరమే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జరిగినదానిని మన బాలికలకు ప్రత్యేకముగా చెప్పవలెను. పందెము మొదలగు సమయమున చైనా క్రీడాకారిణి యొకతె తుపాకి మ్రోగకముందే కదలినది. అధికారులు జ్యోతినికూడ తప్పుపట్టిరి. ఆమె తల వంచుకొని వెడలిపోలేదు, ఏడ్చుచు కూర్చుండలేదు. తాను ముందుగా కదలలేదని అచ్చటనే నిలిచి వాదించెను. పరుగెత్తనిచ్చిరి. మూడవదిగా వచ్చెను. తరువాత చైనా యామెను తొలగింపగా జ్యోతికి రజతపతకము దక్కెను. మాట చెప్పవలసినపుడు చెప్పకుండిన ఆమెకు ఆ పతకము లేదు. నాకిది మా మెట్లమీది గోడను జ్ఞప్తికి తెచ్చినది.

2024లో ప్యారిసు ఒలింపిక్సులో ఈ పందెమున పరుగెత్తిన మొట్టమొదటి భారతస్త్రీ ఆమెయే. 2025 మే నెలలో కొరియా దేశమందలి గుమీలో మరల ఆసియా స్వర్ణమును, 12.96 సెకండ్లతో ఆ పోటీల రికార్డును సాధించెను. ఇంత యెత్తునకు చేరిన కొలది వారములకే శిక్షణలో మోకాలికి గాయమైనది. శస్త్రచికిత్స జరిగినది. ఆ సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచపోటీలు ఆమె లేకుండనే జరిగిపోయినవి.

ఈ మోకాటి గాయమును గూర్చి తల్లులు కొంత తెలిసికొనవలెను. తొడయెముకను క్రిందియెముకతో బిగించి పట్టు బంధనములు మోకాటిలో నాలుగు గలవు. అందు లోపలనుండి ముందువైపు పట్టుకొనునది, ఎగిరి దిగునపుడును, హఠాత్తుగా తిరుగునపుడును తెగుచుండును. బంతియాటలు మొదలగు వానిలో మగవారికంటె ఆడువారికి ఈ గాయము అనేకరెట్లు ఎక్కువ. తెగినదానికి బదులుగా రోగి దేహమునుండియే యొక పట్టీని తీసి అమర్చుదురు. అసలు తపస్సు అటుపిమ్మట ప్రారంభమగును. మొదట వాపు తీయవలెను. కాలు పూర్తిగా చాచగలుగవలెను. నిద్రపోయిన తొడకండను మేల్కొల్పవలెను. తరువాత నడక, ఒంటికాలి నిలుకడ, బరువులు. కొన్ని మాసములకు మెల్లని పరుగు. చివరకు దుముకుట. తొమ్మిది మాసములు నిండకముందు ఆటకు మరలినవారిలో మరల తెగుట చాల హెచ్చని పరిశోధకులు చూపిరి. దినములు నిండిననే చాలదు. గాయపడిన కాలిబలము రెండవకాలి బలములో పదింట తొమ్మిది వంతులైనను ఉన్నదో లేదో కొలిచిన పిమ్మటనే అనుజ్ఞ నిత్తురు. తొమ్మిది మాసముల విలువ మనకు ఒకరు చెప్పవలెనా?

దెబ్బతిన్నవారు మరల లేచుటకు మన తెలుగునాటనే నిదర్శనములు గలవు. పుల్లెల గోపీచందు గారికి 1994లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆట నడుమ మోకాటి బంధనము తెగినది. పలుమార్లు శస్త్రచికిత్స జరిగినది. ఏడేండ్లకు, 2001 మార్చిలో, ఆయన ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ విజేత యయ్యెను. పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హాం కామన్‌వెల్త్ క్రీడలలో మడమనొప్పితోనే ఆడి స్వర్ణము గెలిచినది. పరీక్షింపగా ఎముక బీటవారినదని తేలెను. మరల 2023 జనవరివరకు పోటీకి దిగలేదు. దిగిన పిమ్మటకూడ మునుపటి గెలుపులు వెంటనే రాలేదు. 2024 డిసెంబరులో లక్నో పోటీలో విజయము పొందినది. మనము స్వర్ణమును మాత్రమే చూచి చప్పట్లు కొట్టుదుము. దాని వెనుకనున్న ఆ మాసములను పిల్లలకు చూపము. అందువలననే పిల్లలు నొప్పితో ఆడుట ఘనకార్యమనుకొందురు.

వ్యాయామము దేహమును బలపరచునని అందఱము అందుము. నిజము విచారింపగా, వ్యాయామము కండలను ఎముకలను కొంచెము నలుగగొట్టును. ఆ నలుగుబాటును నిద్రయు, ఆహారమును, విశ్రాంతియు సరిదిద్ది, మునుపటికంటె కొంచెము దృఢముగా కట్టును. దోసెలకు పిండి రుబ్బుట మన పని. పులియుట రాత్రి పని. ఎంత మెత్తగా రుబ్బినను, పులియకముందే పెనము మీద పోసిన దోసె ఎట్లుండునో మనకు తెలియును. మఱియొక విశేషము: ఊపిరియు కండలును కొలది వారములలోనే బలపడును, ఎముకలకును బంధనములకును మాసములు పట్టును. కావుననే "నాకు అలసట లేదు, ఇంకను పరుగెత్తగలను" అని పిల్ల అనుకొను దినములలోనే ఎముక తెలియకుండ బీటవారుచుండును. దూరమును ఒక్కసారిగా రెట్టింపక, వారము వారము కొంచెముగా పెంచవలెను.

ఈ విషయమున ఇల్లాలి చేతిలో నున్నది చాల గలదు.

మొదటిది నిద్ర. పదుమూడు మొదలు పదునెనిమిది యేండ్లవారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర వలయునని వైద్యులందురు. మన యిండ్లలో ఆడుపిల్ల అందఱికంటె వెనుక పండుకొని, అందఱికంటె ముందు లేచును. పరుగెత్తు పిల్లకు అంట్లపని తగ్గించుట గారాబము కాదు, శిక్షణలో భాగము.

రెండవది ఆహారము. మన ఉత్తరాంధ్రపు చోళ్లను చిన్నచూపు చూడవలదు. నూఱు గ్రాముల చోళ్లలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. తెల్లబియ్యమున అందు పదవవంతైనను లేదు. చోడియంబలియు, పాలు పెరుగులును, నువ్వులును ఎముకకు బలము. పప్పు, గ్రుడ్డు, చేపలు కండకు. ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టవలెనన్న నిమ్మరసమో ఉసిరియో తోడుండవలెను. భోజనమైన వెంటనే కాఫీ టీలు త్రాగినచో ఆ యినుము సగము వృథాయగును.

మూడవది సంకోచము విడిచి చెప్పవలసినది. పరుగెత్తు పిల్లకు మూడు మాసములు వరుసగా నెలసరి రాకున్నచో, "పోనిమ్ము, బాధ తప్పినది" అనుకొనరాదు. చేయు పనికి చాలినంత తిండి లేదని దేహము చెప్పు మాట అది. ఎముకలు గుల్లబారుటకు అదియే నాంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఈ లోపమునకు ప్రత్యేకముగా పేరుపెట్టి హెచ్చరించినది. ఇది తండ్రియు గురువును కనిపెట్టలేరు. తల్లియే అడుగవలెను, వైద్యురాలికి చూపవలెను.

నాలుగవది, పరుగునకు ముందు దేహమును సిద్ధపఱచుట. ఎగిరి దిగునపుడు మోకాలు వంచి, లోపలికి వాలనీయక, కాలివ్రేళ్లకు నేరుగా నుండునట్లు దిగుట నేర్పవలెను. ఇట్టి అభ్యాసములు వారమునకు రెండు మూడు పర్యాయములు, పదునైదు ఇరువది నిమిషములు చేసిన బాలికలలో మోకాటి గాయములు ఎంతయో తగ్గినవి. దీనికి ధనమక్కరలేదు; పెరటిలో స్థలము చాలును.

ఇవి నేర్చికొనుచుండగా నాకు మహాభారతమున ద్రోణపర్వము తలపునకు వచ్చినది. సూర్యుడస్తమింపకముందే సైంధవుని వధింతునని అర్జునుడు ప్రతిన చేసియున్నాడు. తప్పినచో అగ్నిప్రవేశము. ప్రొద్దు వాలుచున్నది, సైంధవుడు దూరముననున్నాడు, చుట్టును శత్రుసైన్యము. అట్టి వేళ శ్రీకృష్ణుడు రథమును నిలిపి గుఱ్ఱములను విడిచెను. అవి బాణములు నాటి డస్సియున్నవి. అర్జునుడు బాణముతో నేలను చీల్చి కొలను కల్పించెను. భగవానుడు తన చేతులతో గుఱ్ఱముల మేనినుండి అమ్ములు పెఱికి, ఒళ్లు నిమిరి, నీరు త్రాపి, మేపి, పొరలాడనిచ్చి, అలసట తీరిన పిమ్మటనే మరల పూన్చెను. ప్రతినయు నెరవేరెను. ఆ ఘట్టమును ఎన్నిసార్లు చదివియుందును! పార్థుని పౌరుషమునే చూచితిని గాని సారథి వివేకమును చూడనైతిని. గుఱ్ఱములు నోరులేనివి, వాని నొప్పిని సారథి కనిపెట్టెను. మన పిల్లలకు నోరున్నది. దానిని మూయించినవారము మనమే.

ఒక సాయంకాలము ఆ ఘట్టమును మా అత్తగారికి చదివి వినిపించితిని. వారు చాలసేపు ఊరకుండిరి. మా మామగారు బ్రదికియుండగా హార్బరులో పనిచేసెడివారు. అత్తగారు కొంతసేపటికి, "ఓడను డ్రైడాకులో ఎక్కించి అడుగు గీకి రంగువేయుదురని మీ మామగారు చెప్పెడివారు. అది మూలబడుట కాదు గదా, మరల దింపుటకే గదా ఎక్కించుట" అనిరి. "ఇక చాలు" అను మాట ఆ దినమునుండి మా యింట వినబడలేదు.

క్రీడనే వృత్తిగా గొన్నవారికి ఏండ్లే మూలధనము. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 1994లో ప్రపంచ విజేత యయ్యెను. ఒలింపిక్సులో మహిళలకు బరువులెత్తు పోటీలు మొదటిసారి నెలకొల్పబడిన సిడ్నీ క్రీడలవరకు, అనగా 2000 సెప్టెంబరువరకు, దేహమును కాపాడుకొని, 240 కిలోగ్రాములెత్తి కాంస్యము తెచ్చెను. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. హైదరాబాదున పెరిగిన మితాలీ రాజ్ 1999లో పదునాఱేండ్ల ప్రాయమున భారతజట్టున క్రికెట్టు ఆట మొదలిడి, 2022వరకు ఇరువదిమూడేండ్లు ఆడెను. పదునాలుగేండ్ల పిల్ల ఒక జిల్లా పందెముకొఱకు ఎముక విఱుగగొట్టుకొనుట, విత్తనపు వడ్లను దంచి వండుకొనుట వంటిది. మఱియు ఎంత కాపాడుకొన్నను ఆట ఏనాటికైన విడువవలసినదే గనుక చదువును విడువనీయరాదు. రైల్వేలు మొదలగు శాఖలు క్రీడాకారులకు ఉద్యోగములిచ్చుచున్నవి. చదువున్న పిల్లకు ఆ యుద్యోగమున ఎదుగుదలయు ఉండును.

మా అమ్మాయికి ఇప్పుడొక చిన్న పుస్తకము కుట్టి యిచ్చితిని. ఎన్ని గంటలు నిద్రించెను, ఎంత దూరము పోయెను, ఎచ్చట నొచ్చెను అను మూడు సంగతులను ప్రతిరాత్రియు అందు వ్రాయవలెను. వారమునకొకసారి మా వారును నేనును చూతుము. వైద్యుని అనుజ్ఞతో మొదట నడక, తరువాత ఒక నిమిషము పరుగు, ఒక నిమిషము నడకగా సాగించినది. జిల్లా పందెములు దాటిపోయినవి. ఆ దినము అది గది తలుపు వేసికొని ఏడ్చినది. నేనును వంటింటిలో కన్నీరు తుడుచుకొంటిని. విశ్రాంతి సుఖమని యెవరనిరో గాని, పరుగెత్తగోరువారికి అది పరుగుకంటె కష్టము.

మొన్న వేకువను తీరమునుండి తిరిగివచ్చి, గడపలో నిలిచి, "అమ్మా! ఈవేళ కాలు కొంచెము నొచ్చినది. నడుమనే ఆపి నడిచి వచ్చితిని" అనినది. దానిని దగ్గఱకు తీసికొని, "మంచిపని చేసితివి తల్లీ" అంటిని. నా బిడ్డ నొప్పిని చెప్పినందుకు నేను మెచ్చుకొనుట అదియే మొదటిసారి.

"ఒకసారి దెబ్బతిన్నవారు మరల పరుగెత్తుదురా?" అను ప్రశ్నకు నేనిప్పుడు చెప్పగలను: నొప్పిని చెప్పుకొన్నవారును, చెప్పిన మాటను వినువారు ఇంట గలవారును పరుగెత్తుదురు. సోదరీమణులారా! మన యింటి పిల్ల "ఏమియు లేదు" అనినపుడు అందుతో తృప్తిపడక మఱియొకసారి అడుగుదము.